ముగిసిపోని పడమర: ఓక్లహోమాలో ఒక మ్యూజియం, ఒక బైసన్ రాంచ్

ఓక్లహోమా సిటీలోని నేషనల్ కౌబాయ్ అండ్ వెస్టర్న్ హెరిటేజ్ మ్యూజియంలో అడుగుపెట్టగానే ఎదురయ్యేది ఓడిపోయిన మనిషి బొమ్మ. తెల్లటి ప్లాస్టర్‌తో చేసిన 18 అడుగుల విగ్రహం. గుర్రం తల వేలాడేసుకుని నిలబడి ఉంటుంది. దాని మీద కూర్చున్న నేటివ్ అమెరికన్ యోధుడి నడుము వంగిపోయి, చేతిలో ఈటె కిందికి వాలిపోయి ఉంటుంది. విగ్రహం పేరు ‘ది ఎండ్ ఆఫ్ ది ట్రెయిల్’.

శిల్పి జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్ దీన్ని 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా-పసిఫిక్ ఎక్స్‌పొజిషన్ అనే ప్రపంచ ప్రదర్శన కోసం చేశాడు. తర్వాత కంచులో పోత పోయించాలనుకున్నారు గానీ మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో లోహానికి కొరత వచ్చి ఆ పని ఆగిపోయింది. ఈ ప్లాస్టర్ బొమ్మే కాలిఫోర్నియాలో వైసేలియా అనే ఊళ్లో ఒక పార్కులో దశాబ్దాల పాటు ఎండకు ఎండి వానకు తడిసింది. 1968లో ఈ మ్యూజియం వాళ్లు దాన్ని సంపాదించి, బాగుచేయించి ఇక్కడ నిలబెట్టారు.

ఆ బొమ్మ ముందు నిలబడితే ఎవరికైనా మనసు బరువెక్కుతుంది. చేసిన చేతికి నేను దండం పెడతాను. కానీ అది చెప్పే మాట నిజం కాదు. దాన్ని గుమ్మంలోనే పెట్టడంతో మ్యూజియం మొత్తానికీ ఒక తప్పుడు అర్థం వచ్చేస్తోందన్నది నా వాదన. పడమటి అమెరికా కథ అయిపోయిందని మొదటి నిమిషంలోనే మన చెవిన వేస్తారు. అయిపోయిన కథను చూసి కాసేపు బాధపడి ఇంటికి వెళ్లిపోవచ్చు. అది మనల్ని ఇంకేమీ అడగదు. మర్నాడు ఉత్తర ఓక్లహోమాలో, బైసన్ అనే అమెరికా అడవిదున్నల్ని పెంచే ఒక రాంచ్‌లో నిలబడినప్పుడు ఈ విషయం నాకు మరీ స్పష్టంగా తట్టింది. అక్కడ ఏదీ అయిపోలేదు. ప్రతిదీ ఇంకా ఎవరో ఒకరిని ఏదో ఒకటి అడుగుతూనే ఉంది.

ముందు మనుషుల సంగతి. 1900 జనాభా లెక్కల్లో అమెరికా మొత్తం మీద నేటివ్ అమెరికన్లు సుమారు 2 లక్షల 37 వేల మంది. ఇక వీళ్లు కనుమరుగైపోతారని ఫ్రేజర్ తరం నమ్మిందంటే ఇలాంటి అంకెలు చూసే. జరిగింది వేరు. ఇవాళ ఒక్క ఓక్లహోమాలోనే 39 నేటివ్ నేషన్లు (తెగలు) ఉన్నాయి. వాటికి సొంత ప్రభుత్వాలు, కోర్టులు, క్లినిక్‌లు ఉన్నాయి. హైవే మీద పక్కనుంచి వెళ్లే కార్ల నంబర్ ప్లేట్ల మీద కూడా ఆ నేషన్ల పేర్లు కనిపిస్తాయి. మస్కోగీ నేషన్ రిజర్వేషన్‌ను, అంటే ఆ తెగకు కేటాయించిన నేలను, అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ఎన్నడూ రద్దు చేయలేదని 2020లో మెక్‌గర్ట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. 2021లో ఇదే నగరంలో ఫస్ట్ అమెరికన్స్ మ్యూజియం తెరుచుకుంది. అక్కడ ఈ 39 నేషన్లూ తమ కథ తామే చెప్పుకుంటున్నాయి. అదే ఊళ్లో మరో మ్యూజియం గుమ్మంలో మాత్రం ఆ యోధుడి దారి వందేళ్ల కిందటే ముగిసిపోయి ఉంది.

ఇదే ఫ్రేజర్ 1913లో అమెరికా ఐదు సెంట్ల నాణేన్ని కూడా రూపొందించాడు. బొమ్మ వైపు నేటివ్ అమెరికన్ ముఖం, బొరుసు వైపు బైసన్. 1938 దాకా ఆ నాణేన్ని ముద్రించారు. విగ్రహం కన్నా ఆ చిన్న నాణేమే నిజానికి దగ్గరగా ఉందనిపిస్తుంది నాకు. ఎందుకంటే బైసన్ మీదే బతికిన ఆ మనుషుల కథా, దాని కథా ఒకటే. విగ్రహంలో మనిషి ఒక్కడే మిగిలాడు. అతను ఎందుకు అలా వంగిపోయాడో చెప్పగలిగిన జంతువు పక్కన లేదు.

ఇంత అన్నాక ఇదీ చెప్పాలి: ఈ మ్యూజియం చూడదగ్గది. డాలస్ వైపు ఉండే తెలుగువాళ్లకు ఐ-35 మీద మూడు, మూడున్నర గంటల ప్రయాణం. 1955లో ఆలోచన మొదలై, పదిహేడు పడమటి రాష్ట్రాల అండతో 1965లో తలుపులు తెరిచింది. జీనులు, కళ్లేలు, తోలు మీద చెక్కిన పూలు, చర్మం ఒరుసుకుపోకుండా కాళ్లకు కట్టుకునే చాప్స్, రకరకాల టోపీలు చూస్తుంటే పనిముట్లను అంత శ్రద్ధగా చేసుకున్న మనుషుల మీద గౌరవం పుడుతుంది. కౌబాయ్ అంటే సినిమా హీరో అనుకునే మా అబ్బాయికి, అది నెల జీతానికి ఎండలో, దుమ్ములో చేసే కూలిపని అని ఆ గదుల్లోనే అర్థమైంది. ఆ కూలీల్లో నల్లజాతివాళ్లు, మెక్సికన్లు చాలామంది ఉండేవారని కూడా తెలిసింది. లోపల ప్రాస్పెరిటీ జంక్షన్ అని నూరేళ్ల కిందటి పశువుల వ్యాపారపు ఊరిని నిజం సైజులో కట్టారు. మసక వెలుతురులో దాని వీధుల్లో తిరగొచ్చు. పిల్లల్ని అక్కడినుంచి బయటికి తేవడం కష్టం.

రోడియో అంటే ఎగిరిపడే ఎద్దులు, గుర్రాల మీద స్వారీ చేసే పోటీ. ఆ గ్యాలరీలో మా మామయ్యగారు చాలాసేపు ఆగిపోయారు. ఆయనది ఒంగోలు దగ్గర పల్లెటూరు. చిన్నప్పటినుంచి గిత్తల మధ్య పెరిగిన మనిషి. రోడియో ఎద్దుల ఫోటోలు చూపించి, “ఏంటమ్మాయ్, వీటి మూపురాలు చూశావా? ఇవి మన పశువుల్లాగే ఉన్నాయే!” అన్నారు. ఆయన కన్ను నిజమే పట్టింది. అమెరికన్ బ్రాహ్మన్ అనే జాతిని పంతొమ్మిదో శతాబ్దం మధ్యనుంచి 1920ల దాకా తెచ్చిన మూడు వందల లోపు మూపురపు పశువులతో తయారుచేశారు. గుజరాత్ పశువులు, గిర్, కృష్ణా లోయ పశువులతో పాటు నెల్లూరు పేరుతో వెళ్లిన మన ఒంగోలు జాతి కూడా అందులో కలిసింది. 1924లో ఆ జాతికి సంఘం కూడా పెట్టుకున్నారు. దూకి దూకి మనుషుల్ని పడేసే రోడియో ఎద్దుల్లో చాలావాటిలో ఈ బ్రాహ్మన్ రక్తం ఉంటుంది. టొర్నాడో అనే పేరుమోసిన రోడియో ఎద్దును ఈ మ్యూజియం ఆవరణలోనే పాతిపెట్టారు. ఎద్దుకు సమాధి కట్టిన చోటు అనగానే మామయ్యగారికి ఈ దేశం మీద ఒక్కసారిగా మంచి అభిప్రాయం కలిగింది.

ఇక నా అసలు ఫిర్యాదు గదుల అమరిక మీద. ముళ్లతీగలు ఒకచోట, తుపాకులు ఒకచోట, జీనులు ఒక గదిలో, నేటివ్ అమెరికన్ల పూసల పని, బట్టలు ఇంకో గదిలో. వస్తువుల్ని రకాల వారీగా సర్దితే చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అవన్నీ ఒకే నేల మీద, ఒకే కొద్ది ఏళ్లలో ఒకదాన్నొకటి ఢీకొన్న వస్తువులు. ఆ సంగతి చూసేవాళ్లు తమంతట తామే కలుపుకోవాలి. చాలామంది కలుపుకోరు.

ఒక్క 1874వ సంవత్సరాన్ని తీసుకోండి. బైసన్‌లను కాపాడటానికి అమెరికా కాంగ్రెస్ ఆ ఏడాది ఒక బిల్లు పాస్ చేసింది. అధ్యక్షుడు గ్రాంట్ దాని మీద సంతకం పెట్టకుండా వదిలేయడంతో అది చచ్చిపోయింది. జూన్‌లో టెక్సస్ ఉత్తర కొసన పాన్‌హ్యాండిల్ అనే ప్రాంతంలోని అడోబీ వాల్స్ దగ్గర కొమాంచీ, కయోవా, షయాన్ తెగలవాళ్లు కలిసి బైసన్ వేటగాళ్ల మకాం మీద దాడి చేశారు. ఆ దాడిలో క్వానా పార్కర్ అనే కొమాంచీ యువకుడు ముందున్నాడు. దూరం నుంచి కొట్టే తుపాకుల ముందు ఆ దాడి నిలవలేదు. సెప్టెంబర్‌లో పాలో డ్యూరో కాన్యన్ అనే లోతైన లోయలో వాళ్ల శిబిరాల మీద సైన్యం పడింది. మనుషులు ఎక్కువమంది తప్పించుకున్నారు గానీ, దొరికిన గుర్రాల్లో వెయ్యికి పైగా సైనికులు కాల్చి చంపేశారు. చలికాలం ముందు తిండి, గుడారాలు, గుర్రాలు పోయినవాళ్లు ఎన్నాళ్లు నిలబడగలరు? క్వానా 1875లో ఫోర్ట్ సిల్ అనే సైనిక స్థావరం దగ్గర లొంగిపోయాడు. ఆ 1874 నవంబర్‌లోనే ఇల్లినాయ్‌లో జోసెఫ్ గ్లిడెన్ అనే రైతుకు ముళ్లతీగ మీద పేటెంట్ వచ్చింది. 1876లో చార్ల్స్ గుడ్‌నైట్ అనే రాంచర్ అదే పాలో డ్యూరో కాన్యన్‌లోకి తన ఆవుల మందను దించాడు. మేత కోసం అక్కడున్న బైసన్‌లను బయటికి తోలేశాడు.

రెండేళ్లలో బైసన్, కొమాంచీ వెళ్లిపోయి ఆవు, కౌబాయ్, తీగ వచ్చాయి. ఈ ఐదూ ఒక గదిలో, ఒక గోడ మీద, తేదీల వరసలో ఉండాలి. అప్పుడు పదేళ్ల పిల్లలకు కూడా ఎవరూ వివరించకుండానే అర్థమవుతుంది.

చంపడం వెనక ఉన్నది ప్రధానంగా వ్యాపారం. 1870ల మొదట్లో బైసన్ తోలును బాగా పదును చేసే పద్ధతి వచ్చింది. తూర్పున ఫ్యాక్టరీల యంత్రాలు తిప్పే బెల్టులకు ఆ తోలు పనికొచ్చింది. రైలు కాన్సస్ దాకా వచ్చేసింది. 1872 నుంచి 1874 వరకు మూడేళ్లలో దక్షిణ మైదానాల నుంచి రైళ్లలో వెళ్లిన తోళ్లు 13 లక్షలకు పైనే అని అప్పటి సైనికాధికారి రిచర్డ్ డాడ్జ్ లెక్కగట్టాడు. తోలు ఒలిచి మాంసం అక్కడే వదిలేసేవాళ్లు. బైసన్ పోతే నేటివ్ అమెరికన్లు లొంగుతారని సైన్యంలో పెద్దలకు తెలుసు, అందుకే అడ్డు చెప్పలేదు. కొన్నేళ్లకు ఆ ఎముకలు కూడా సరుకే అయ్యాయి. కొత్తగా పొలాలు తీసుకున్న పేద రైతులు వాటిని ఏరి బండ్లకెత్తి, టన్నుల లెక్కన ఎరువుల కంపెనీలకు, చక్కెర శుద్ధి చేసేవాళ్లకు అమ్ముకున్నారు. కోట్లలో ఉన్న జంతువులు 1889లో జంతుశాస్త్రవేత్త విలియం హార్నడే లెక్కపెట్టేసరికి 1,091 మిగిలాయి.

ఇక్కడ గుడ్‌నైట్ మళ్లీ రావాలి. కాన్యన్ నుంచి బైసన్‌లను తోలిన ఆయనే, భార్య మేరీ ఆన్ పట్టుబట్టడంతో 1878లో తల్లులు పోయిన కొన్ని దూడల్ని పట్టి పెంచాడు. రాత్రిళ్లు వాటి అరుపులు వినలేక ఆమె అడిగిందంటారు. ఇవాళ అమెరికాలో ఉన్న మైదాన బైసన్‌లు దాదాపు అన్నీ అప్పుడు అలా అక్కడా ఇక్కడా పెంచిన ఐదారు చిన్న మందలు, యెల్లోస్టోన్‌లో మిగిలిన పాతికలోపు జంతువుల సంతానమే. గుడ్‌నైట్ మంద వారసులు ఇప్పటికీ టెక్సస్‌లోని కేప్‌రాక్ కాన్యన్స్ స్టేట్ పార్కులో ఉన్నాయి. నాశనం చేసిన మనిషీ కాపాడిన మనిషీ ఒకడే కావడం నన్ను ఇబ్బంది పెడుతుంది. ఆ ఇబ్బంది నాకు ఇష్టం కూడా, ఎందుకంటే అది నిజం లాగా ఉంది.

1907 అక్టోబర్‌లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూ నుంచి పదిహేను బైసన్‌లను రైలెక్కించి ఓక్లహోమాలో కాష్ అనే చిన్న స్టేషన్‌లో దించారు. విచిటా మౌంటెన్స్‌లో వాటికి కంచె వేసి చోటు ఇచ్చారు. చూడ్డానికి వచ్చిన కొమాంచీల్లో క్వానా పార్కర్ కూడా ఉన్నాడు. అడోబీ వాల్స్ దగ్గర ఏ జంతువు కోసం పోరాడాడో, అది ముప్పై మూడేళ్ల తర్వాత ఒక జూ నుంచి రైల్లో తిరిగొచ్చింది. దిగిన నేల అంతకు ఆరేళ్ల ముందు వరకు కొమాంచీ, కయోవా, అపాచీల రిజర్వేషన్. 1901లో దాన్ని విడగొట్టి, ఎక్కువ భాగం లాటరీ తీసి బయటివాళ్లకు పంచేశారు. అంటే జంతువుకు నేల దొరికింది, మనుషుల నేల పోయింది. బైసన్ రక్షణ గురించి గర్వంగా మాట్లాడేవాళ్లు ఈ రెండో సగం కూడా చెప్పాలి. మొదటి సగం మాత్రమే చెబితే ఎంత మంచి పనైనా అబద్ధంగా మారుతుంది.

మ్యూజియం మర్నాడు మేం వెళ్లిన రాంచ్ కాన్సస్ సరిహద్దుకు దగ్గర్లో ఉంది. ఒక కుటుంబం రెండు తరాలుగా నడుపుతోంది. అక్టోబర్ చివర్లో రౌండప్ జరిగే రోజుల్లో, ముందే అడిగిన కొద్దిమందిని పైన కట్టిన నడక వంతెన మీదనుంచి చూడనిస్తారు. రౌండప్ అంటే ఏడాదికోసారి మందనంతా చేర్చి, ఒక్కో జంతువునీ పరీక్షించి, వేటిని ఉంచాలో వేటిని అమ్మాలో తేల్చుకునే పని.

ఆ నేల గురించి ముందు చెప్పాలి. ఇది పొడవు గడ్డి ప్రెయిరీ, అంటే గడ్డి మైదానం. ఒకప్పుడు కెనడా నుంచి టెక్సస్ దాకా పరుచుకున్న ఈ గడ్డిలో ఇప్పుడు మిగిలింది నూటికి నాలుగు వంతుల లోపే. ఇక్కడ మిగలడానికి కారణం రాయి. పై మట్టి పలచన, కింద సున్నపురాయి, చెకుముకి రాయి. నాగలి దిగదు కాబట్టి గడ్డి బతికింది. బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి మా అబ్బాయి తల కన్నా ఎత్తుగా ఉంది, శరదృతువులో రాగి రంగుకు తిరిగి ఉంది. వసంతంలో కొంత కొంత మేర కావాలనే తగలబెడతారు. కాలిన చోట లేత గడ్డి మొలుస్తుంది, బైసన్‌లు అక్కడికే పోయి మేస్తాయి, మిగతా చోటు ఊపిరి తీసుకుంటుంది. బైసన్ ఎక్కువగా గడ్డే తింటుంది, పూల మొక్కల్ని పెద్దగా ముట్టదు. పక్క రాష్ట్రంలో కొంజా ప్రెయిరీ మీద దాదాపు మూడు దశాబ్దాల పాటు చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. బైసన్‌లను తిరిగి వదిలిన చోట స్థానిక మొక్కల రకాలు దాదాపు రెట్టింపయ్యాయని, ఆవులు మేసిన చోట అంత పెరగలేదని అందులో తేలింది. అంటే ఈ జంతువు తిరిగొస్తే నేల కూడా తిరిగొస్తుంది.

కంచెలు మనిషి ఎత్తున ఉన్నాయి. బైసన్ పోతు 2,000 పౌండ్ల దాకా తూగుతుంది, ఆడది అందులో సగం. ఆ బరువుతో గంటకు 35 మైళ్ల వేగంతో పరిగెత్తుతుంది, మనిషి ఎత్తు అడ్డుని దూకగలదు. ఇష్టమైన చోటికైతే బైసన్‌ని ఎక్కడికైనా తోలుకెళ్లొచ్చని అక్కడి రాంచర్లు అంటారు. అందుకే పని మొత్తం నెమ్మదిగా, చప్పుడు లేకుండా జరుగుతుంది. ఎవరూ అరవరు, కుక్కల్ని దగ్గరికి రానివ్వరు. పెద్ద పచ్చిక నుంచి చిన్న దొడ్డిలోకి, అక్కడినుంచి ఇరుకు దారిలోకి, చివరికి ఒక్క జంతువు పట్టే ఇనుప బోనులోకి పంపుతారు. దారి గోడలు సందు లేకుండా మూసి ఉంటాయి. వెలుతురు కనిపిస్తే అటువైపు దూకుతుంది కాబట్టి. మన పశువుల ఆసుపత్రుల ముందు ఇనుప గొట్టాలతో కట్టే ట్రెవిస్ లాంటిదే ఆ బోను, కాకపోతే ముందు ఇంకో బలమైన గేటు ఉంటుంది. ఆవు బోనులో పడగానే వెనక్కి తగ్గుతుంది, బైసన్ ముందుకు దూకి తలతో కొడుతుంది. ఆ దెబ్బ చప్పుడు వంతెన మీద నిలబడ్డ మా కాళ్ల కిందికి వచ్చింది.

ఒక్కోదానికి నిమిషం, రెండు నిమిషాలు. చెవి ట్యాగ్ చదవడం, బరువు, రక్తం, టీకా, ఆడవాటికి చూడి పరీక్ష. ఒకామె ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకుంటోంది. నాలుగేళ్ల నుంచి ఈనని ఆడది వస్తే రాంచర్ ఒక్క క్షణం ఆగి, తల అడ్డంగా ఊపాడు. అంటే అమ్మేస్తారు.

మధ్యాహ్నం పని ఆగినప్పుడు మామయ్యగారు అడగమన్నవి నేను రాంచర్‌ని ఇంగ్లీషులో అడిగాను. ఎకరానికి ఎన్ని మేస్తాయి? ఈ నేలలో ఒక్కో తల్లి జంతువుకు పది పన్నెండు ఎకరాలు కావాలి, వానలు లేకపోతే ఇంకా ఎక్కువ. ఏడాదికి ఎన్ని ఈనతాయి? ఒకటే దూడ, అదీ మూడో ఏడు దాటాక మొదలు. మందులు ఎక్కువ కావాలా? ఇక్కడ ఆయన ముఖం మారింది. మైకోప్లాస్మా బోవిస్ అనే జబ్బు ఉంది. ఆవులు తట్టుకుంటాయి గానీ బైసన్‌లలో పెద్దవి కూడా ఊపిరితిత్తులు పాడై చనిపోతాయి. ఒకసారి మందలో పడితే చేసేది తక్కువ.

“కరువొస్తే ఏం చేస్తారో అడుగమ్మా,” అన్నారు మామయ్యగారు.

అమ్మేస్తారు. గడ్డికి తగ్గట్టు మందను తగ్గించుకుంటారు. మళ్లీ పెంచుకోవడానికి ఆరేడేళ్లు పడుతుంది.

ఆ జవాబు నేను తెలుగులో చెప్పాక మామయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మనం కూడా అంతే చేశాం,” అన్నారు. మా అత్తగారింట్లో పశువులు తగ్గిపోయిన ఏళ్ల గురించి ఆయన అలా మాట్లాడగా అంతకుముందు నేను వినలేదు.

ఇక మాంసం సంగతి. ఈ రాంచ్ నడిచేది దాని మీదే. రెండు, రెండున్నరేళ్ల పోతుల్ని మాంసానికి పంపుతారు. అమెరికాలో బీఫ్‌కు ప్రభుత్వ తనిఖీ తప్పనిసరి, ఖర్చు ప్రభుత్వానిదే. బైసన్ ఆ చట్టం కిందికి రాదు కాబట్టి తనిఖీ ఖర్చు ఎక్కువగా పెంచేవాళ్ల మీదే పడుతుంది. ధర ఎక్కువ ఉండటానికి అదీ ఒక కారణం. మధ్యాహ్నం వాళ్లు బైసన్ మాంసంతో వండిన చిల్లీ అనే కూర పెట్టారు. మా ఇంట్లో బీఫ్ తినం, ఇదీ తినలేదు. మామయ్యగారు ఆ గిన్నెల వైపే చూడలేదు. వాళ్లు నొచ్చుకోలేదు, మాకు బీన్స్, కార్న్ బ్రెడ్ పెట్టారు.

తినను కాబట్టి నేను చెప్పే మాటకు కాస్త విలువుంటుందేమో: ఈ పని తప్పని నేను అనలేను. తినడానికి పెంచితే అది కాపాడటం ఎలా అవుతుందని మా ఫ్రెండ్స్‌లో ఒకరు గట్టిగానే అడిగారు. న్యాయమైన ప్రశ్న. కానీ లెక్క చూడండి. అమెరికా ప్రైవేటు రాంచుల్లో ఉన్న బైసన్‌లు రెండు లక్షలకు దగ్గర్లో ఉన్నాయి. దేశ అంతర్గత వ్యవహారాల శాఖ కింద ఉన్న పార్కులు, రెఫ్యూజ్‌లు (అభయారణ్యాలు) అన్నిట్లో కలిపి సుమారు 11 వేలు. పార్కుల్లో పెరిగితే పెట్టుకోవడానికి చోటు లేదు. యెల్లోస్టోన్‌లో సుమారు 5 వేలు ఉంటే, చలికాలం మేత కోసం సరిహద్దు దాటినవాటిని బ్రూసెల్లోసిస్ అనే జబ్బు ఆవులకు అంటుతుందన్న భయంతో ఏళ్లుగా చంపుతూ వచ్చారు. మాంసం కొనేవాళ్లు లేకపోతే ఈ రాంచ్ రేపు ఆవుల రాంచ్ అవుతుంది. నాగలి దిగే చోటైతే సోయా పొలం అవుతుంది. ఈ జంతువుకు నేల దక్కడానికి ఇవాళ ఉన్న పెద్ద కారణం అది డబ్బు తేవడమే. నాకు నచ్చినా నచ్చకపోయినా అది నిజం.

దీనికి ఒక ధర ఉంది. బోనులో సాధువుగా నిలబడేదాన్ని ఉంచి, తిరగబడేదాన్ని అమ్మేస్తూ పోతే నూరేళ్లకు మిగిలేది వేరే జంతువు. బాగా పెంచేవాళ్లకు ఈ భయం ఉంది, నేను అడక్కుండానే రాంచర్ ఆ మాట ఎత్తాడు. ఆవులతో కలిపిన పాత ప్రయోగాల వల్ల కొంత ఆవు రక్తం కూడా ఇప్పటికే కలిసింది. గుడ్‌నైట్ కూడా ఆ ప్రయోగం చేశాడు. టెక్సస్ ఎ అండ్ ఎం పరిశోధకులు 2022లో యెల్లోస్టోన్ మందలో కూడా కొద్దిగా ఆవు జన్యువులు ఉన్నాయని తేల్చారు. అందుకని రాంచులు చాలు, పార్కులు వద్దు అనడానికి లేదు. తోడేళ్లు, మంచు, వందల మైళ్ల నడక ఉన్న చోట కొన్ని మందలైనా ఉండాలి. వాటికి ఎవరూ చెవి ట్యాగ్ వేయకూడదు.

అన్నిటికన్నా ముందు చోటు దక్కాల్సింది నేటివ్ నేషన్ల మందలకు అని నా గట్టి నమ్మకం. ఇంటర్ ట్రైబల్ బఫెలో కౌన్సిల్‌లో (బైసన్‌నే అక్కడ బఫెలో అని కూడా అంటారు) ఇప్పుడు 80కి పైగా నేషన్లు ఉన్నాయి. పార్కుల్లో మిగులుగా తేలిన జంతువుల్ని కబేళాకు పంపకుండా తమ నేలకు తెచ్చుకుంటున్నాయి. ఓక్లహోమాలో షెరోకీ నేషన్‌కు 2014లో అలా మంద వచ్చింది. ఓసేజ్ నేషన్‌ కథ ఇంకా పదునైనది. 1872లో వాళ్లు తమ సొంత డబ్బుతో కొనుక్కున్న రిజర్వేషన్ అది. తర్వాత ముక్కలు ముక్కలుగా చేతులు మారిపోయింది. 2016లో అందులో 43 వేల ఎకరాల రాంచ్‌ను టెడ్ టర్నర్ అనే పెద్ద వ్యాపారవేత్త దగ్గర 7 కోట్ల 40 లక్షల డాలర్లిచ్చి మళ్లీ కొన్నారు. ఒకసారి కొన్న నేలనే రెండోసారి కొన్నారు. ఇప్పుడు అక్కడ వాళ్ల సొంత బైసన్‌లు ఉన్నాయి. మ్యూజియంలో దీనికి గోడ దొరకాలి. కొనుగోలు పత్రం కాపీ ఒకటి, ఏ ఏడు ఎన్ని దూడలు పుట్టాయో ఒక లెక్క, పక్కన ఆ మందను చూసుకునే వాళ్ల ఫోటో. కొత్త కట్టడం ఏదీ అక్కర్లేదు.

మనవాళ్లు ఎటైనా వెళ్తే ఫోటోల కోసం వెళ్తారని ఒక మాట ఉంది. నేను దాంతో ఏకీభవించను. సమయం లేక, ఎవరూ చెప్పక, దగ్గర్లో ఉన్నదాన్ని చూసి వచ్చేస్తారు. అందుకే నేను వెళ్లినదానికి తిరగేసి ఒక వరస చెబుతాను. డాలస్ నుంచి బయల్దేరేవాళ్లు ముందు లాటన్ వైపు తిరిగి విచిటా మౌంటెన్స్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ చూడండి. ఆ పదిహేనింటి సంతానం ఇప్పుడు కొన్ని వందలు, రోడ్డు మీదికే వస్తాయి. కార్లోంచి దిగకండి, దిగినా చాలా దూరం ఉంచండి, పిల్లల చెయ్యి వదలొద్దు. అక్కడినుంచి ఓక్లహోమా సిటీ గంటన్నర. ముందు ఫస్ట్ అమెరికన్స్ మ్యూజియం, ఆ తర్వాత కౌబాయ్ మ్యూజియం. దానికి సగం రోజైనా పెట్టుకోండి. చిన్న పిల్లలుంటే ఆరుబయట లీచొకొష్కొమొ అనే ఆటస్థలం ఉంది, వాళ్లు అక్కడే ఉండిపోతారు. రాంచులకు మాత్రం ముందు ఫోన్ చేసి అడిగి వెళ్లాలి. రౌండప్ రోజుల్లో ఎక్కువమందిని రానివ్వరు. వెళ్తే మూసిన బూట్లు వేసుకోండి, కుక్కల్ని తీసుకెళ్లకండి, వంతెన మీద గట్టిగా మాట్లాడకండి. పెద్దవాళ్లు ఊళ్లో పశువులు పెంచినవాళ్లైతే తప్పకుండా వెంట తీసుకెళ్లండి. ఏం అడగాలో వాళ్లకు తెలుస్తుంది.